సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఓడ ఆగదు

ఫిబ్రవరి 4

ఓడ ఎక్కాం. గది బాగానే ఉంది. మంచాలు మూడు.

ఫిబ్రవరి 5

రోజంతా నీళ్ళే. ఎటు చూసినా ఒకేలా ఉన్నాయి. నాకు నచ్చింది.

అత్తయ్య మూడో మంచం మీద తన చేతిసంచి, శాలువా, మందుల డబ్బా పరిచేసింది. "వాడు రాకపోతేనేం, వాడి మంచానికీ డబ్బు కట్టాంగా. సామానైనా పడుకోనీ" అంది. ఆయనకు సెలవు దొరకలేదని ఆవిడ నమ్మింది. మొన్న చలి మొదలైనప్పుడు ఆయన పెట్టె సర్దుకుంటుంటే, వేరే ఊళ్ళో ఆరు నెలల పని పడిందన్న మాట కూడా నమ్మింది. ఆ మాట చెప్పింది ఆయనే. నేను పక్కన నిలబడి తలూపాను. ఆ వేరే ఊరు మా ఇంటి నుంచి రెండు బస్సులు మారితే వస్తుంది. అక్కడ ఇంకొకామె ఉంది.

టిక్కెట్లు అంతకు ముందే కొన్నవి. వెనక్కి తీసుకోరు. "అమ్మను నువ్వు తీసుకెళ్ళు. తిరిగొచ్చే రోజు నేను రేవులో ఉంటాను. అక్కణ్ణించి నాతో తీసుకెళ్ళిపోతాను. ఈలోగా విషయం నువ్వే మెల్లగా చెప్పు. నువ్వు చెబితే వింటుంది" అన్నారు ఆయన. సరేనన్నాను. ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేసి, నేను కట్టుడు పళ్ళు చేసే ల్యాబు పక్క వీధిలో ఉన్న హాస్టల్‌కి మారడం. గది చూసి వచ్చాను కూడా. అంతా కుదిరినట్టే.

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 6

మొదటి రేవు.

ఊరు చూపించే టూర్లకు ఓడలో ఒక కౌంటర్ ఉంది. అక్కడ మెడకు రుమాలు కట్టుకున్న అమ్మాయి రెండు దారులూ చెప్పింది. ఓడవాళ్ళ టూర్ తీసుకుంటే మెట్ల దగ్గరికే బస్సు వస్తుంది, గైడు ఉంటాడు, భోజనం వాళ్ళదే. ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఖర్చు తక్కువ, మన ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. "కానీ టైముకి రావడం మీ బాధ్యత. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఓడ ఆగదు" అంది.

"ఐదు నిమిషాలు కూడా ఆగదా?" అని అడిగింది అత్తయ్య.

"ఆగదండీ."

"నేనైతే ఆపేదాన్ని. పరిగెత్తుకొస్తున్న మనిషి కనబడితే గంట కొట్టేదాన్ని కాదు."

"మీరు చేసింది బస్సులో అత్తయ్యా" అన్నాను.

"మరిదేమిటి? ఇదీ బస్సే. నీళ్ళమీద పోతుంది, అంతే."

మామయ్య పోయాక ఆవిడ సిటీ బస్సులో కండక్టరుగా చేసి కొడుకును చదివించింది. నేను కాపురానికి వచ్చేనాటికి ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఇంట్లో అందరం భోజనాలకు కూర్చుంటే "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అనేది.

ఇద్దరికీ ఓడవాళ్ళ టూరే తీసుకున్నాను. ఛాతీ మీద నంబరు స్టిక్కర్ అతికించారు. గైడు ఒక పచ్చ గొడుగు మడిచి పైకెత్తి పట్టుకుని నడుస్తాడు, వెనకాల మేము. కోట దగ్గర దింపాడు, ఎక్కించాడు. గంటస్తంభం దగ్గర దింపాడు, ఎక్కించాడు. తోలు సంచుల దుకాణం దగ్గర మాత్రం చాలాసేపు ఉంచాడు. ఎక్కిన ప్రతిసారీ వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు.

"కోట తలుపు చూశాను, కోట చూడలేదు. నేను కూడా జనాన్ని ఇంత అన్యాయంగా తోలలేదమ్మా" అంది అత్తయ్య గదికి వచ్చాక.

నాకు బాగానే ఉంది. ఎక్కమంటే ఎక్కాను, దిగమంటే దిగాను.

ఫిబ్రవరి 7

చెప్పలేదు.

ఫిబ్రవరి 8

రెండో రేవులో అత్తయ్య టూర్‌కి రానంది. రేవు గేటు బయట సిటీ బస్సు ఆగుతుందట, పైనుంచి చూసి పెట్టుకుంది. మొదట వచ్చిన బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, మళ్ళీ అదే బస్సులో వస్తుందట.

"చివరి స్టాపులో ఏముంటుంది అత్తయ్యా?"

"మనుషులుంటారు. టూర్ బస్సు చివరి స్టాపుకి పోదు."

వద్దని గట్టిగా అనలేదు. నేను మాత్రం స్టిక్కర్ వేయించుకున్నాను. ఈసారి కూడా గొడుగాయనే. ఫొటో తీయమని ఒక లావుపాటావిడ ఫోను నా చేతికిచ్చి, "మీవారు రాలేదా?" అంది. "తలనొప్పిగా ఉంటే గదిలో పడుకున్నారు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. లేడు అనడానికి నోరు తిరగలేదు. ఉన్నాడు అనడానికి చక్కగా తిరిగింది.

సాయంత్రం అత్తయ్య నాకన్నా ముందే గదిలో ఉంది. చివరి స్టాపులో బట్టలు కుట్టే కొట్టు ఉందట. అందులో కుర్చీ వేసి కూర్చోబెట్టారట. ఈ ఊరి బస్సుల్లో కండక్టరు లేడట, డబ్బాలో డబ్బులు వేస్తే చీటీ వస్తుందట. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం కాస్త మెల్లగా చెప్పింది.

"నువ్వేం చూశావు?"

"మ్యూజియం."

"అందులో?"

నేను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. మెట్లు గుర్తొచ్చాయి.

ఫిబ్రవరి 9

నీళ్ళు.

ఆయన మెసేజ్. 'అమ్మకు చెప్పావా?' చెబుతాను అని కొట్టాను.

మధ్యాహ్నం అత్తయ్య పై అంతస్తులో ఎండలో కూర్చుని పక్క కుర్చీ ఆయనతో నవ్వుతోంది. ఆ పళ్ళు నేను చేసినవే. ల్యాబులో నా చేతి మీదుగా ఎన్నో సెట్లు పోయాయి గానీ, ఒకరు పెట్టుకున్నాక రోజూ చూసేది ఈ ఒక్క సెట్టునే. మొదట కొంచెం పొడుగొచ్చాయి. "అరగదీయకు, ఇలాగే ఉంటే జనం భయపడతారు" అని అలాగే ఉంచేసుకుంది. ఆ నవ్వు చూస్తుంటే నాకు ఏదో ఒకటి అనిపించాలి. ఏమీ అనిపించలేదు. దంతాల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి ఉందో లేదో తెలియనట్టు ఉంటుందే, అలా. కొరుక్కున్నా తెలియదు. అది దిగాక తెలుస్తుంది.

ఫిబ్రవరి 10

మూడో రేవు. "ఇవాళ నాతో రావే" అంది అత్తయ్య, జడ అల్లుకుంటూ.

"టూర్‌కి డబ్బు కట్టేశాను అత్తయ్యా." అప్పటికి కట్టలేదు.

"ఆ గొడుగు వెనకాల పోవడంలో ఏం సుఖముందే నీకు?"

"ఏం ఆలోచించక్కర్లేదు."

ఆవిడ జడ చివర రబ్బరు బ్యాండు వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత కౌంటర్‌కి పోయి కట్టాను.

టూర్లో లావుపాటావిడ బస్సంతా వినబడేలా "మీవారికెలా ఉంది?" అని అడిగింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, తలనొప్పి అన్ని రోజులుంటే కళ్ళు చూపించుకోవాలన్నాడు. ఇంకొకావిడ సంచీ వెతికి మాత్ర ఇచ్చింది. లేని మనిషికి అంత మంది వైద్యం. మాత్ర తీసుకుని థాంక్స్ చెప్పాను. కాసేపటికి నాకే నిజంగా తలనొప్పి వస్తే వేసుకున్నాను.

గొడుగాయన లెక్కపెట్టాడు. అందరం ఉన్నాం.

అత్తయ్యను సొంతంగా తిరగనివ్వడం మంచిదే. రేపు కొడుకు దగ్గరికి వెళ్ళాక కొత్త పేటలో ఆవిడే తిరగాలి కదా. అలవాటవుతుంది.

ఫిబ్రవరి 11

భోజనం దగ్గర చెబుదామని నోరు తెరిచాను. "ఏంటి?" అంది. ఉప్పు అందించమన్నాను.

రేపు ఆఖరి రేవు. రేపు తప్పక.

ఫిబ్రవరి 13

నిన్న రాయలేదు. ఇది ఓడ కాదు, రేవు దగ్గరి లాడ్జి. అత్తయ్య స్నానం చేస్తోంది. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే నాలుగు రోజులు పోయాక నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

నిన్న పొద్దున ఇద్దరం ఎవరి దారిన వాళ్ళం దిగాం. నేను గొడుగు వెనకాల, ఆవిడ బస్సు కోసం. దిగే ముందు ఆవిడ ఫోనులో మాట్లాడుతోంది, నన్ను చూసి పెట్టేసింది. ఎవరని నేను అడగలేదు.

టూర్ నుంచి వచ్చేసరికి గది తాళం వేసి ఉంది. లోపల ఆవిడ లేదు. భోజనాల హాల్లో లేదు, పైన ఎండ కుర్చీల్లో లేదు. కౌంటర్‌కి వెళ్ళాను. రుమాలమ్మాయి కంప్యూటర్లో చూసి, పొద్దున దిగినట్టు ఉంది, మళ్ళీ ఎక్కినట్టు లేదు అంది. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

"ఆవిడ మా టూర్లో ఉన్నారా?"

"లేదు. సొంతంగా వెళ్ళింది."

ఆ అమ్మాయి మొహం మారింది. "మరి కాసేపట్లో మెట్లు తీసేస్తారండీ. రేవు ఆఫీసులో మా ఏజెంటు ఉంటాడు, ఆవిడ వస్తే అతను చూసుకుంటాడు. ఆవిడ గుర్తింపు కార్డు అతనికి అందేలా చేస్తాం. మీరు దిగితే మాత్రం ఇక మళ్ళీ ఎక్కలేరు. ఆలోచించుకోండి."

గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఇక్కడ నిజం రాయాలి. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆయనకు ఫోను చేసి, మీ అమ్మ ఫలానా ఊళ్ళో ఉంది, వచ్చి తీసుకెళ్ళండి అని చెబితే సరిపోతుంది. ఆవిడకు నేను ఏమీ చెప్పక్కర్లేదు. ఆవిడ మొహం చూడక్కర్లేదు. పాపం నాది కాదు, ఓడది. చేతికి మట్టి అంటకుండా పని అయిపోతుంది.

చాలాసేపు కూర్చున్నాననుకుంటాను. తర్వాత మూడో మంచం మీద మందుల డబ్బా కనిపించింది. మధ్యాహ్నం బీపీ మాత్ర అందులోనే ఉంది, వేసుకోలేదు. అంతే. గొప్ప ఆలోచన ఏమీ రాలేదు నాకు. మాత్ర వేసుకోలేదు అనుకున్నాను, లేచాను. డబ్బా, గుర్తింపు కార్డులు, ఆవిడ శాలువా, నా పర్సు ఒక సంచీలో కుక్కాను. చెప్పులు మార్చుకోవడం కూడా మరిచిపోయి, గదిలో తిరిగే స్లిప్పర్లతోనే దిగాను.

మెట్ల దగ్గర గొడుగాయన సిగరెట్ కాలుస్తున్నాడు. "మేడమ్, ఎటు? ఓడ బయల్దేరుతోంది" అన్నాడు.

"మా అత్తయ్య రాలేదు."

"మీవారు గదిలో ఉన్నారుగా, ఆయన్ని పంపకపోయారా?"

నేను గేటు వైపు నడిచాను.

గేటు బయట బస్సు స్టాపులో నిలబడ్డాను. ఇంకెక్కడ వెతకాలో తెలియదు. వచ్చిన బస్సల్లా చూశాను. పిల్లలు దిగారు, కూరగాయల సంచులు దిగాయి. వెనకాల ఓడ కూత వేసింది. నేను తిరిగి చూడలేదు. తర్వాత చూస్తే గోడ మీదుగా దాని పై అంతస్తు మెల్లగా పక్కకు జరుగుతోంది. మా సామానంతా అందులోనే ఉంది.

ఆవిడ చీకటి పడబోతుండగా వచ్చింది. బస్సులోంచి ముందు కాలు, తర్వాత సంచీ, తర్వాత ఆవిడ. చేతిలో ఒక రొట్టెల పొట్లం. నన్ను చూసి ఆగిపోయింది.

"ఓడ?"

"పోయింది."

"నువ్వు దిగావా?"

అప్పుడు అరిచాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆవిడ ముందు గొంతు పెంచలేదు. నడిరోడ్డు మీద అరిచాను. బుద్ధుందా మీకు, ఫోనెందుకు ఎత్తలేదు, మాత్ర లేకుండా ఎక్కడ పడిపోయారో అని చచ్చాను, ఈ వయసులో ఈ బస్సుల పిచ్చేమిటి. స్టాపులో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. ఆవిడ ఆపలేదు. నాకు మాటలు అయిపోయేదాకా నిలబడింది. అయిపోయాక బెంచీ మీద కూర్చుని, నీళ్ళు లేకుండానే మాత్ర మింగింది.

"పొద్దున వాడు ఫోను చేశాడు" అంది. "'నువ్వు నా దగ్గరికే వస్తున్నావుగా అమ్మా, ఆమె చెప్పిందిగా' అన్నాడు. చెప్పింది అన్నాను."

నేను కూర్చోలేదు, అలాగే నిలబడ్డాను.

"చివరి స్టాపులో వెనక్కొచ్చే బస్సు ఉంది. ఎక్కబోయి ఆగాను. ఎక్కితే ఓడ, ఓడెక్కితే వాడు. కాళ్ళు రాలేదు. ఒక బస్సు పోనిచ్చాను. తర్వాతది ఎంతకీ రాలేదు."

"మరి వాళ్ళ సంగతి... మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"వాడు వెళ్ళిన నెలకే. ఆరు నెలల పనికి పోయేవాడు కుట్టు మిషను పక్కనున్న పాత ఫొటోలు కూడా పట్టుకుపోతాడటే? పెన్షనాఫీసుకి అని చెప్పి ఒకరోజు వెళ్ళాను చూడు, ఆ రోజు వాడి ఆఫీసులో అడ్రసు కనుక్కుని వాడింటికి పోయాను. వాడు లేడు. ఆ అమ్మాయి తలుపు తీసింది. ఎవరని కూడా అడగలేదు, నా మొహంలో వాణ్ణి చూసిందేమో. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది." "చెడ్డదైతే బాగుండును అనుకుంటూ వెళ్ళాను. కాదు" అంది.

"ఎలా ఉంటుంది?" అని అడిగాను. ఇన్నాళ్ళుగా ఎవరినీ అడగని మాట.

"నీకన్నా పొట్టి."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. రెండూ కాదేమో. ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది.

"తెలిసీ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

మింగలేక కక్కలేక అన్ని నెలలూ ఒకే వంటింట్లో తిరిగాం. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అనుకున్నాం.

"నన్ను వాడి దగ్గర దింపేసి నువ్వెక్కడికి పోదామనుకున్నావు?"

"హాస్టల్‌కి."

"పెళ్ళీడు పిల్లలుండే హాస్టల్లోనా?" అంది. "సరే. ముందు ఏదైనా తిందాం. ఈ రొట్టె రాయిలా ఉంది, నీ పళ్ళకు పరీక్ష."

ఏజెంటు ఆఫీసులో కాగితాల మీద సంతకాలు తీసుకుని, మా సామాను మా ఊరి రేవులోనే దింపుతామని చెప్పి, ఈ లాడ్జి చూపించారు. రేపు రైలు.

ఫిబ్రవరి 14

రైలు. ఆయన ఫోను చేశారు. రేవుకి వస్తే ఓడలో మేం లేమని చెప్పారట. "ఏమిటీ తమాషా? ఒక్క పని చెబితే సరిగ్గా చేయలేవా?" అన్నారు. ఎదుటి సీటులోంచి అత్తయ్య చెయ్యి చాచింది. ఫోను ఇచ్చాను.

"ఆమె చేయాల్సిన పని కాదురా అది, నువ్వు చేయాల్సింది. నువ్వు చెప్పి ఉండాల్సింది నాకు" అంది. అటు ఏదో అన్నాడు. ఆవిడ విన్నది, చాలాసేపు విన్నది. మొహం తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ విన్నది. "నువ్వు నా కొడుకువి కాకుండా పోతావురా? వస్తాను, చూస్తాను, నాలుగు రోజులుంటాను. కాపురం మాత్రం దీంతోనే. నీకెలాగూ చేతకాలేదు, మేమిద్దరం చేసుకుంటాం."

ఫోను నాకు తిరిగిచ్చేసింది. కొంగు మొహం మీద కప్పుకుని పడుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు, భుజాలు కదులుతున్నాయి. పక్కకు జరిగి, ఆవిడ కాళ్ళు నా ఒళ్ళోకి తీసుకున్నాను. స్టేషన్లు వస్తూ పోతూ ఉన్నాయి.

ఫిబ్రవరి 20

ల్యాబు. పై దవడ సెట్లు రెండు. హాస్టల్‌కి రావడం లేదని ఫోను చేసి చెప్పాను.

ఫిబ్రవరి 23

పళ్ళు తోముకుంటూ ఏడ్చాను. కారణం ఏమీ లేదు. నురగతోనే ఏడ్చాను. అత్తయ్య తలుపు బయట నిలబడి, పోయింది. కాఫీ కొంచెం ఎక్కువ చక్కెరతో ఇచ్చింది. చేదుగానే ఉంది, కానీ చేదని తెలిసింది.

మార్చి 2

ఇల్లు చూడ్డానికి వెళ్ళాం. రెండు గదులు, చిన్న వరండా. సందు చివర బస్సు స్టాపు ఉంది, అత్తయ్య అది చూశాకే లోపలికి వచ్చింది.

ఇంటావిడ మమ్మల్ని ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. "తల్లీకూతుళ్ళా?"

"అత్తాకోడళ్ళం" అంది అత్తయ్య.

"మరి అబ్బాయో? ఊళ్ళో లేడా?"

అత్తయ్య నోరు తెరవబోయింది. ఈసారి నేనే అన్నాను. "ఉన్నాడు. అతను మాతో ఉండడు."

ఇంటావిడ ఒక్క క్షణం నన్ను చూసింది. నేను కళ్ళు దించలేదు. ఆ తర్వాత ఆవిడ వంటింట్లోకి దారి తీసి, కుళాయి తిప్పి చూపించింది. మొదట తుప్పు నీళ్ళు వచ్చాయి. కాసేపటికి తేటబడ్డాయి.